కట్టబోయే మేడలో మన చోటు



ఈ సంచికకు వ్యాసం ఇవ్వమని అడిగినప్పుడు ఆకాశహర్మ్యాల మీద రాస్తామని చెప్పాం. కొందరు మిత్రులు నవ్వారు. "వాన పడితే మన గదుల్లో బకెట్లు పెట్టుకుంటున్నాం, మీకు వంద అంతస్తుల మేడలు కావలసి వచ్చాయా?" అన్నారు. నిజమే. కాని బకెట్లు పెట్టుకునే ఈ గదుల కోసమే ఆ మేడల గురించి రాస్తున్నామని చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

సంగతి అందరికీ తెలిసిందే. మన హాస్టలు భవనం పాతబడింది. పైకప్పు పెచ్చులు ఊడుతున్నాయి. భవనం నివాసానికి పనికిరాదని ఒక కాగితం కూడ వచ్చింది. దీన్ని పడగొట్టి ఈ స్థలంలో వాణిజ్య సముదాయం కడతారని, మనకు పట్టణానికి 9 కిలోమీటర్ల దూరాన బైపాస్ అవతల కొత్త భవనం ఇస్తారని చెప్పుకుంటున్నారు. ఇంకా ఏ నిర్ణయమూ జరగలేదు. జరగకముందే మన మాట చెప్పాలన్నది మా ఉద్దేశం. మన మాట ఒక్కటే. మేడ కట్టండి, దుకాణాలు కట్టండి, ఆఫీసులు కట్టండి. కాని ఆ మేడలోనే మన హాస్టలు కూడ ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదని చూపడానికి అమెరికాలోని చికాగో నగరపు కథ చెబుతాం. మాలో కొందరం పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్నాం. క్లాసులో విన్నది కొంత, మన హాస్టలు నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే గ్రంథాలయంలో చదివింది కొంత కలిపి రాస్తున్నాం. ఆ "పది నిమిషాలు" అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి. దానితో తరవాత పని ఉంది.

మేడలు ఎలా లేచాయి

పూర్వం భవనాలు మామూలుగా ఐదారు అంతస్తులకు మించి లేచేవి కావు. కారణాలు రెండు. మెట్లెక్కే ఓపిక మనిషికి అంతకు మించి ఉండదు. ఇక బరువంతా గోడలే మోయాలి కాబట్టి, ఎత్తు పెరిగినకొద్దీ కింద గోడ మందం పెరగాలి. చికాగోలో 1890ల మొదట్లో కట్టిన మొనాడ్నాక్ భవనం ఇటుక గోడల మీదనే 16 అంతస్తులు లేచింది గాని, నేల దగ్గర దాని గోడ మందం 6 అడుగులు. గోడే అంత చోటు తినేస్తే దుకాణానికి చోటెక్కడ, వెలుతురు వచ్చే దారెక్కడ?

మొదటి చిక్కును లిఫ్టు తీర్చింది. తాడు తెగినా కింద పడకుండా ఆగిపోయే లిఫ్టును ఎలీషా ఓటిస్ 1850లలో న్యూయార్కు ప్రదర్శనలో జనం ముందు నిలబడి చూపించాడు. రెండో చిక్కును లోహపు చట్రం తీర్చింది. 1871 అగ్నిప్రమాదంలో చికాగో నడిబొడ్డు బూడిదయింది. దాన్ని మళ్లీ కట్టుకునే కాలంలో, 1885లో, విలియం లె బారన్ జెన్నీ అనే ఇంజనీరు 10 అంతస్తుల హోం ఇన్సూరెన్స్ భవనాన్ని లోహపు స్తంభాల మీద, దూలాల మీద నిలబెట్టాడు. అప్పటినుంచి గోడ బరువు మోసే పని మానుకుని తెరలాగా మారింది. తొలి ఆకాశహర్మ్యం అని చాలామంది దీన్నే చెబుతారు. 1931లో దాన్ని పడగొట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. లిఫ్టు రాకముందు పై అంతస్తు పేదవాడికి దక్కేది. మెట్లెక్కలేక ఉన్నవాళ్లు కింద ఉండేవారు, పైన అద్దె తక్కువ. లిఫ్టు వచ్చాక గాలి, వెలుతురు, చూపు అన్నీ ఉన్న పై అంతస్తు డబ్బున్నవాడిదయింది. గది అదే, ఎత్తు అదే. ధర మారగానే అందులో ఉండే మనిషి మారిపోయాడు. స్థలం విషయంలోనూ ఇంతే. మన హాస్టలు కట్టిన రోజుల్లో ఈ చోటును ఎవరూ కోరుకోలేదు. ఇప్పుడు గజం ధర పెరిగేసరికి మనం ఇక్కడ ఎక్కువైపోయాం.

ఊడ్చేవాళ్ల సంఘం కట్టించిన జంట మేడలు

చికాగోలో స్టేట్ స్ట్రీట్ అనే పొడవాటి వీధి ఉంది. అది, మాడిసన్ అనే మరో వీధి కలిసే కూడలి నుంచే ఆ నగరంలో ఇంటి నంబర్ల లెక్క మొదలవుతుంది. ఆ కూడలి నుంచి ఉత్తరంగా కిలోమీటరు కూడ నడవకముందే నది ఒడ్డున రెండు గుండ్రని మేడలు కనిపిస్తాయి. చూడటానికి మొక్కజొన్న కంకుల్లా ఉంటాయి. వీటి పేరు మెరీనా సిటీ. 1960ల మొదట్లో కట్టారు. ఒక్కొక్కటి 65 అంతస్తులు. రూపకల్పన చేసినవాడు బెర్ట్రాండ్ గోల్డ్‌బర్గ్.

ఈ మేడలకు పూనుకున్నది ఏ కోటీశ్వరుడో, ఏ బ్యాంకో అనుకుంటాం. కాదు. భవనాలు ఊడ్చేవాళ్లు, లిఫ్టు నడిపేవాళ్లు, కిటికీలు తుడిచేవాళ్లు కలిసి పెట్టుకున్న కార్మిక సంఘం. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు మేము ఆ పేజీ మళ్లీ వెనక్కి తిప్పి చదివాం. మన ఇళ్లలో ఎంతమంది అమ్మలు, నాన్నలు మున్సిపాలిటీలోనో ఆసుపత్రిలోనో చీపురు పట్టి మనల్ని చదివిస్తున్నారో మనకు తెలుసు. ఆ చీపురు పట్టిన చేతుల సంఘం 65 అంతస్తుల మేడలు కట్టించింది.

ఎందుకు కట్టించింది? అప్పటికి ఉన్నవాళ్లంతా చికాగో నడిబొడ్డు వదిలి శివార్లకు వెళ్లిపోతున్నారు. సాయంత్రం ఆఫీసులు మూసేసరికి నగరం నడుమ నిర్మానుష్యమయ్యేది. జనం వెళ్లిపోతే భవనాలు మూతపడతాయి, మూతపడితే ఊడ్చేవాడి ఉద్యోగం పోతుంది. ఈ లెక్క సంఘం అధ్యక్షుడు విలియం మెక్‌ఫెట్రిడ్జ్‌కు తెలుసు. గోల్డ్‌బర్గ్ చెప్పిన లెక్క కూడ అదే. వారానికి 35 గంటలు మాత్రమే వాడే ఆఫీసు భవనాలు నగరం ఖర్చంతా మోయలేవు. రాత్రీ పగలూ మనుషులుండే చోటు కావాలి.

అందుకని ఒకే స్థలంలో అన్నీ పెట్టారు. కింద నది ఒడ్డున పడవలు ఆపే రేవు. దుకాణాలు, హోటళ్లు, నాటకశాల, బౌలింగ్ ఆట స్థలం, మంచు మీద జారే ఆట స్థలం, పక్కనే ఆఫీసు భవనం. మేడల్లో కింది 19 అంతస్తులు మెలికలు తిరిగి పైకెక్కే కార్ల దారి. ఇరవయ్యో అంతస్తులో బట్టలు ఉతుక్కునే చోటు. ఆపైన 40 అంతస్తుల ఇళ్లు. నడుమ లిఫ్టులు, మెట్లు ఉన్న గుండ్రని కాంక్రీటు స్తంభం ఉంటుంది. దాని చుట్టూ పూరేకుల్లా గదులు, ప్రతి ఇంటికీ బాల్కనీ. కట్టినప్పుడు ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తయిన కాంక్రీటు కట్టడం లేదు. 2016లో చికాగో నగరం దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది.

ఇలా ఇల్లు, కొట్టు, ఆఫీసు, ఆట స్థలం ఒక్కచోట పెట్టడాన్ని బహుళ వినియోగం అంటున్నారు. మాట కొత్తది గాని పని మనకు కొత్తది కాదు. మన బజారులో కింద కిరాణా కొట్టు, పైన షావుకారు ఇల్లు ఎప్పటినుంచో ఉన్నాయి. 1961లో జేన్ జేకబ్స్ అనే ఆమె అమెరికా నగరాల మీద రాసిన పుస్తకంలో చెప్పిన ముఖ్యమైన విషయాల్లో ఇదొకటి. రకరకాల పనుల మీద రకరకాల వేళల్లో మనుషులు తిరిగే వీధే క్షేమంగా ఉంటుంది, అంగళ్లూ అక్కడే నిలుస్తాయి అని ఆమె వాదించింది.

అయితే ఒక నిజం దాచకూడదు. మెరీనా సిటీ కట్టించింది ఊడ్చేవాళ్ల సంఘమే అయినా, అందులో కాపురం పెట్టింది మాత్రం ఎక్కువగా ఆఫీసుల్లో పనిచేసే మధ్యతరగతి వాళ్లు. సంఘానికి పని దొరికింది గాని సభ్యులకు ఇల్లు దొరకలేదు. పనులు కలిశాయి, మనుషులు కలవలేదు. ఈ తేడా మన వ్యాసానికి ముఖ్యం.

ఒక దాని మీద ఒకటి

సివిల్ చదివే తమ్ముళ్ల కోసం ఒక్క మాట. దుకాణం, ఆఫీసు, ఇల్లు ఒకే మేడలో ఒకదాని మీద ఒకటి పేర్చడం తేలిక కాదు. ఆఫీసుకు వెడల్పాటి హాలు కావాలి, లోపలివాళ్లు కిటికీకి దూరంగా కూర్చున్నా సరిపోతుంది. ఇంటికి అలా కుదరదు. ప్రతి గదికీ కిటికీ కావాలి కాబట్టి అంతస్తు సన్నగా ఉండాలి. చికాగోలోనే 1969లో పూర్తయిన 100 అంతస్తుల జాన్ హాంకాక్ సెంటర్‌ను చూడండి. కింద దుకాణాలు, ఆపైన కార్లు, ఆపైన ఆఫీసులు, 44వ అంతస్తు నుంచి ఇళ్లు. వెడల్పు కావలసినవి కింద, సన్నం కావలసినవి పైన. అందుకే ఆ మేడ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అది సోకు కోసం చేసింది కాదు, లోపల ఉండేవాళ్ల అవసరాన్ని బట్టి వచ్చిన రూపం. బయటివైపు కనిపించే పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లాంటి ఉక్కు కమ్మీలు గాలి ఒత్తిడిని మోస్తాయి. లోపల స్తంభాల అడ్డు తగ్గింది, ఉక్కు ఎంతో ఆదా అయింది.

ఆ లెక్క వేసిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టాడు. తండ్రి లెక్కల ఉపాధ్యాయుడు. 1952లో స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లాడు. 110 అంతస్తుల సియర్స్ టవర్ కూడ ఆయన లెక్కలతోనే 1970లలో లేచింది. దాని పేరు ఇప్పుడు విల్లిస్ టవర్. స్కాలర్‌షిప్ డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే మనకు ఈ పేరు తెలిసి ఉండాలి.

అదే వీధి చివర 28 మేడలు

ఇప్పుడు స్టేట్ స్ట్రీట్‌లోనే దక్షిణంగా వెళదాం. ఆ మాడిసన్ కూడలి నుంచి ఆరున్నర కిలోమీటర్లు దాటాక రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే కాలనీ ఉండేది. మెరీనా సిటీ లేచిన రోజుల్లోనే, 1962లో పూర్తయింది. ఒక్కొక్కటి 16 అంతస్తులు, అలాంటివి 28 మేడలు. మూడు కిలోమీటర్ల పొడవున వరసగా నిలబెట్టారు. పేదల కోసం ప్రభుత్వ సంస్థ కట్టిన 4,300కు పైగా ఇళ్లు. ఒకప్పుడు సుమారు 27 వేల మంది ఉన్నారు. దాదాపు అందరూ నల్లజాతివారే. అందులో పిల్లలే ఎక్కువ.

ఇక్కడా ఎత్తు ఉంది, లిఫ్టులు ఉన్నాయి, కాంక్రీటు ఉంది. లేనిదేమిటి? కొట్టు లేదు, ఆఫీసు లేదు, పని లేదు, పేదలు తప్ప మరో రకం మనిషి లేడు. ఒక పక్క వెడల్పాటి ఎక్స్‌ప్రెస్ హైవే గోడలా అడ్డం. లిఫ్టులు తరచు పాడయ్యేవి, బాగుచేసే డబ్బుండేది కాదు. పిల్లలు పడిపోకుండా వరండాలకు కట్టిన ఇనుప జాలీలు దూరం నుంచి జైలులా కనిపించేవి. పని దొరకని చోట ముఠాలు పెరిగాయి. చివరికి నగరం ఆ మేడలను ఒకటొకటిగా పడగొట్టింది. ఆఖరిది 2007లో పోయింది. ఆ స్థలంలో చాలా భాగం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది.

దీన్ని చూపించి చాలామంది "పేదవాళ్లకు మేడలు పనికిరావు, వాళ్లకు ఉండటం చేతకాదు" అన్నారు. ఇలాంటి మాట మనం కూడ విన్నాం. "హాస్టలు పిల్లలకు ఎంత ఇచ్చినా పాడు చేసుకుంటారు" అనే మాట. దీనికి జవాబు ఆ కాలనీ పేరులోనే ఉంది.

రాబర్ట్ టేలర్ ఎవరు? చికాగో గృహనిర్మాణ సంస్థకు అధ్యక్షుడైన తొలి నల్లజాతీయుడు. పేదల ఇళ్లను ఒక్కచోట కుప్పపోయవద్దని, నగరంలో అన్ని పేటల్లోనూ కట్టాలని, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఉండాలని ఆయన పట్టుబట్టాడు. నగర పాలక మండలి ఆ స్థలాలకు ఒప్పుకోలేదు. 1950లో ఆయన రాజీనామా చేశాడు. 1957లో చనిపోయాడు. ఆ తరవాత, ఆయన వద్దన్న పద్ధతిలోనే 28 మేడలు ఒక్కచోట పేర్చి, వాటికి ఆయన పేరే పెట్టారు! మహనీయుల పేరు గోడ మీద రాసి వారి మాట గోడ బయట వదిలేయడం మనకూ కొత్త కాదు.

ఆ సంస్థ మీద 1966లో డొరొతీ గాట్రో అనే మహిళ, మరికొందరు అద్దెదారులు కలిసి కోర్టుకెక్కారు. జాతిని చూసే స్థలాలు ఎంపిక చేశారని 1969లో కోర్టు తేల్చింది. ఆమె ఆ తీర్పు వినకుండానే 1968లో కన్నుమూసింది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు కూడ వారి పక్షానే నిలిచింది. అంటే తప్పు 16 అంతస్తులది కాదు. ఆ మేడలకు చోటు ఎంచినవాళ్లది.

మూడో చిరునామా

అదే స్టేట్ స్ట్రీట్‌లో, ఈ రెంటికీ మధ్యన, నడిబొడ్డు నుంచి మూడు కిలోమీటర్ల దూరాన హిలియర్డ్ హోమ్స్ ఉంది. ఇదీ పేదల కోసం కట్టిందే. 1966లో పూర్తయింది. కట్టినవాడు మెరీనా సిటీ కట్టిన గోల్డ్‌బర్గే. వృద్ధుల కోసం 16 అంతస్తుల గుండ్రని మేడలు రెండు, కుటుంబాల కోసం వంపు తిరిగిన మేడలు రెండు. నడుమ పిల్లలు ఆడుకునే స్థలం, ఆరుబయట కూర్చుని కార్యక్రమాలు చూసే చోటు. ఉన్నవాళ్ల మేడకు ఏ ఆలోచన పెట్టాడో పేదవాళ్ల మేడకూ ఆ ఆలోచనే పెట్టాడు.

రాబర్ట్ టేలర్ మేడలు కూలిపోతున్న కాలంలో వీటిని కూల్చలేదు. 1999లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. తరవాత బాగుచేసి, వేర్వేరు ఆదాయాల వాళ్లు కలిసి ఉండేలా మార్చారు. ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు. తొలి కుటుంబాలను ఇతర కాలనీల నుంచి ఎంచి తెచ్చారన్నదీ నిజమే కాబట్టి మంచంతా భవనానిదే అనలేం. కాని పేదవాడి మేడ కూడ నిలుస్తుంది అని చెప్పడానికి ఆ నాలుగు మేడలు సాక్ష్యం.

ఒకే వీధి, ఒకే కాలం, మూడు చిరునామాలు. ఒకటి పనులను కలిపి మనుషులను కలపలేదు. ఒకటి దేన్నీ కలపలేదు, కూలిపోయింది. ఒకటి పేదవాడిని మనిషిగా చూసి కట్టింది, నిలిచింది. మనం ఏం నేర్చుకోవాలి? కొట్టు మీద ఇల్లు కడితే చాలదు. ఆ ఇంట్లో ఎవరుంటారన్నది ముందు తేలాలి.

హైదరాబాదులో మేం చూసింది

హైదరాబాదు పడమటి వైపు ఇప్పుడు లేస్తున్న మేడలను మీరూ చూసే ఉంటారు. ఎంత స్థలంలో ఎంత కట్టవచ్చో చెప్పే లెక్కను ఎఫ్.ఎస్.ఐ. అంటారు. 2006 నాటి నిబంధనలతో అక్కడ ఆ పరిమితిని ఎత్తేశారు. మేడలు అంత ఎత్తు లేవడానికి అదొక కారణం. మాలో కొందరం వేసవి సెలవుల్లో అలాంటి ఒక మేడ దగ్గర కూలికి వెళ్లాం. ముప్పయ్యో అంతస్తు దాకా సామాను మోశాం. రాత్రి రేకుల షెడ్డులో పడుకున్నాం. కింద షాపింగు, నడుమ ఆఫీసులు, పైన ఫ్లాట్లు అని బోర్డు మీద బొమ్మ వేశారు. ఆ బొమ్మలో చెట్లున్నాయి, కుక్కపిల్ల ఉంది, బెలూను పట్టుకున్న పాప ఉంది. ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, వాచ్‌మన్లు, డ్రైవర్లు మాత్రం లేరు. వాళ్లు లేకుండా ఆ మేడ ఒక్కరోజు నడవదు. వాళ్లు మటుకు రెండు బస్సులు మారి రావాలి.

ఉంచినా ఎలా ఉంచుతారన్నది ఇంకో ప్రశ్న. న్యూయార్కులో ఒక మేడలో తక్కువ అద్దె ఇళ్లవాళ్లకు వేరే ద్వారం పెట్టారు. దాన్ని "పేదల తలుపు" అని జనం దుయ్యబట్టారు. చివరికి 2015లో అలాంటి వేరు ద్వారాలు కుదరవని అక్కడ చట్టం తెచ్చారు. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో మన పెద్దలను అడిగితే చెబుతారు. రెండు తలుపులూ అలాంటివే.

మన సంగతి

ఇప్పుడు మన హాస్టలు దగ్గరికి వద్దాం. మనలో ఎక్కువమంది ఇల్లు ఎక్కడుంది? ఊరి చివర. చెరువు కిందనో, కాలువ అవతలో, శ్మశానం దారిలోనో. ఊరు వేరు, వాడ వేరు. అక్కడి నుంచి ట్రంకు పెట్టె పట్టుకుని వచ్చి దిగితే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురి మధ్యన ఉన్నది ఈ హాస్టలులోనే. పది నిమిషాల్లో గ్రంథాలయం. పావుగంటలో కాలేజీ. ఎదురు సందులో జిరాక్సు షాపు. సాయంత్రం రెండు గంటలు బట్టల కొట్టులో లెక్కలు రాసి ఫీజు కట్టుకున్నవాళ్లు మనలో ఉన్నారు. జ్వరం వస్తే ప్రభుత్వాసుపత్రికి నడిచి వెళ్లాం. నాన్న పల్లె బస్సు దిగి, పచ్చడి డబ్బా చేత్తో పట్టుకుని, ఎవరినీ అడగకుండా వచ్చేస్తాడు. ఈ ఊళ్లోనే స్థిరపడిన అన్నలు ఆదివారం పూట వచ్చి ఇంగ్లీషు, లెక్కలు చెప్పి వెళుతున్నారంటే, హాస్టలు వాళ్ల ఇంటి దారిలో ఉండటమే కారణం.

9 కిలోమీటర్ల అవతలికి పంపితే ఇవన్నీ పోతాయి. సాయంత్రం ఆరు తరవాత ఆ దారిలో బస్సు లేదు. గ్రంథాలయం మూసేదాకా కూర్చోవడం కుదరదు. కొట్టులో పని కుదరదు. అన్నలు రారు. మంచి గదులు ఇస్తారేమో, కాదనం. కాని గది కోసమే ఇంత దూరం రాలేదు మనం. ఊరి చివర నుంచి వచ్చినవాళ్లను పట్టణం చివరకు పంపడమే అది.

వాళ్లు చెప్పే కారణాలనూ చూద్దాం. అక్కడ ఆట స్థలం ఉంటుందంటున్నారు. మంచిదే, మనకు ఇక్కడ వాలీబాల్ కోర్టు కూడ లేదు. కాని సాయంత్రం కాలేజీ మైదానం మనకు అందుబాటులోనే ఉంది. బజారు చప్పుడు చదువుకు అడ్డం అంటున్నారు. ఈ చప్పుడులోనే చదివి ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు, న్యాయవాదులు అయిన అన్నలు ఈరోజు ముందు వరసలో కూర్చున్నారు. సినిమా హాలు దగ్గరుంటే పిల్లలు చెడిపోతారంటున్నారు. సినిమా హాలు వెనక వీధిలోనే ఎంతోమంది పెద్దవాళ్ల ఇళ్లున్నాయి. వాళ్ల పిల్లలను ఎవరూ బైపాస్ అవతలికి పంపడం లేదు.

ఖర్చు మాటకొస్తే, ఇక్కడే మన బలం ఉంది. బజారు మీద ఉన్న స్థలం కాబట్టి కింది అంతస్తులో దుకాణాలు కట్టి అద్దెకు ఇవ్వవచ్చు. ఆ అద్దె హాస్టలు నిర్వహణకే వాడాలని ముందుగా రాసుకోవాలి. మొదటి అంతస్తులో పట్టణంలోని పిల్లలందరూ వచ్చి చదువుకునే పెద్ద హాలు పెట్టాలి. మన పిల్లలూ, షావుకారు పిల్లలూ ఒకే బల్ల దగ్గర పోటీ పరీక్షలకు చదవాలి. ఆపైన రెండంతస్తులు హాస్టలు. మనకు 65 అంతస్తులు అక్కరలేదు, నాలుగు చాలు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 15 మీటర్లు, అంతకు పైబడిన భవనాన్ని ఎత్తయిన భవనంగా లెక్కిస్తుంది. మన నాలుగు అంతస్తులు ఆ లోపే సరిపోతాయి. దుకాణాలకు, హాస్టలుకు మెట్లు వేరుగా ఉండవచ్చు, అగ్నిప్రమాదం వస్తే దిగడానికి రెండో మెట్లు తప్పక ఉండాలి. ఒక్క షరతు మాత్రం వదులుకోవద్దు. మన గేటు వెనక సందులో పెట్టకూడదు. దుకాణాల గేటు ఏ వీధిలో ఉంటే మన గేటూ ఆ వీధిలోనే ఉండాలి, దాని మీద హాస్టలు పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి.

కట్టేదాకా ఎక్కడుండాలన్న ప్రశ్న ఉంది. పట్టణంలోనే అద్దె భవనం చూడమని అడగాలి. "తాత్కాలికంగా బయటికి వెళ్లండి, కట్టాక రండి" అన్న మాట నోటితో చెబితే నమ్మకూడదు. ఎన్ని నెలలో కాగితం మీద ఉండాలి.

చికాగోలో ఊడ్చేవాళ్ల సంఘం సంఘంగా ఉంది కాబట్టి మేడలు కట్టించగలిగింది. రాబర్ట్ టేలర్ ఒక్కడే నిలబడ్డాడు కాబట్టి రాజీనామా చేసి వెళ్లిపోవలసి వచ్చింది. మేము ఇప్పుడు హాస్టలులో ఉన్నది నూట ఇరవై మందిమి. ఇక్కడ చదివి వెళ్లిన మీరు ఎన్నో రెట్లు ఉన్నారు. మీలో కాంట్రాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, ఆఫీసు ఫైలు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లున్నారు.

అందుకని మా విన్నపం. ఈరోజు సభ, భోజనాలు అయ్యాక మెస్ హాలులో వార్డెను గారి బల్ల పక్కన ఒక అర్జీ ఉంటుంది. చదివి, సరిదిద్ది, సంతకం పెట్టండి. దాని పక్కనే పాలిటెక్నిక్ తమ్ముళ్లు పెన్సిలుతో గీసిన నాలుగు అంతస్తుల ప్లాను ఉంటుంది. సివిల్ ఇంజనీర్లయిన అన్నలు దాని మీద ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దండి. మెట్లు చాలవేమో, బాత్రూములు చాలవేమో చెప్పండి. వచ్చే వార్షికోత్సవం ఇదే వీధిలో జరుపుకోవాలి.